ఒక్కరికి బోటు లేదు

ఆ చిన్న దీవికి వచ్చేవాళ్ళంతా జంటగానో గుంపుగానో వస్తారు. కుట్టుపని నేర్పే టీచరమ్మ మాత్రం ఒక్కతే వచ్చింది. మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ ఆమె పెళ్ళి మాటే ఎత్తలేదు. నిరుడు తల్లి పోయింది. ఇల్లు బావురుమంటుంటే, బతుకులో ఒక్కసారైనా సముద్రం అడుగున పగడాలు చూడాలని బయలుదేరింది.

ఒడ్డున రేకుల షెడ్డులో టికెట్ల కౌంటరు. బోటు అడుగున అద్దం బిగించి ఉంటుంది. కూర్చున్నచోటి నుంచే పగడాలు చూడవచ్చు.

"ఒక్కరేనా అమ్మా? మీవాళ్ళేరీ?" అన్నాడు కౌంటరాయన.

"ఒక్కదాన్నే బాబూ."

"ఒక్కరికి బోటు తియ్యం. కనీసం నలుగురుండాలి."

"ఎవరితోనైనా పంపండి. ఓ మూల సర్దుకుంటాను."

ఆయన ఆమె వెనక నిలబడ్డ కుటుంబం వైపు చూశాడు. ఇంటాయన మొహమాటంగా నవ్వాడు. "ఫ్యామిలీతో వచ్చామండీ, ఏమీ అనుకోకండి." సగం బల్లలు ఖాళీగానే బోటు వెళ్ళిపోయింది.

ఆమె లైట్‌హౌస్ ఎక్కింది. పైనుంచి దీవంతా పచ్చగా కనబడేసరికి "ఎంత బాగుందో!" అంటూ పక్కకు తిరిగింది. పక్కన గాలి తప్ప ఎవరూ లేరు. భోజనానికి వెళితే సముద్రం కనబడే బల్లలు జంటలకేనట. వంటగది తలుపు పక్కన కూర్చోబెట్టారు. ఏదో తప్పు చేసినదానిలా తల వంచుకుని తిని లేచింది.

మర్నాడూ కౌంటరులో అదే జవాబు. వెనుదిరుగుతుంటే బెంచీమీద ఒక పెద్దాయన కనిపించాడు.

"ఎవరికోసం చూస్తున్నారండీ?"

"నలుగురి కోసమమ్మా. నిన్నట్నుంచీ ఎన్నిసార్లు లెక్కేసుకున్నా నేనొక్కణ్ణే అవుతున్నాను."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తరగతిలో తప్ప ఎన్నడూ గొంతెత్తని మనిషి, ఒడ్డున నిలబడి గట్టిగా పిలిచింది: "ఒంటరిగా వచ్చినవాళ్ళెవరైనా ఉంటే రండి, బోటెక్కుదాం!"

కొందరు కిసుక్కున నవ్వారు. అద్దె సైకిలు పక్కన కూర్చున్న యువకుడు లేచి వచ్చాడు. సెలవు రోజున ఒడ్డుకొచ్చిన హోటలు చాకిరీమనిషి, "ఇక్కడే పుట్టాను గానీ నేనూ చూళ్ళేదమ్మా," అంటూ చెప్పులు చేతపట్టుకుని వచ్చింది.

పెద్దాయనతో కలిపి నలుగురయ్యారు; బోటు కదిలింది. అద్దం కింద ఊదారంగు పగడాలు, వాటి సందుల్లో చేపలు. తల్లి గుర్తొచ్చి టీచరమ్మకు కళ్ళు నిండాయి. చాకిరీమనిషి కాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.

ఒడ్డుకు రాగానే కౌంటరాయన ఇకిలించాడు. "చూశారా, నలుగురైతే ఎంత హాయో!"

"నిన్న ఒక్కదాన్నే వచ్చినప్పుడూ మనిషినే కదా బాబూ. ఆ బోటులో చోటుంది. నన్ను కూర్చోమనే నోరే లేకపోయింది."

ఆయన తల దించుకున్నాడు. నలుగురూ నాలుగు దారుల వెళ్ళిపోయారు. టీచరమ్మ మళ్ళీ ఒక్కతే అయింది.

ఒంటరితనం ఎవరికైనా రావచ్చు. వాళ్ళను ఒడ్డున నిలబెట్టి వెళ్ళిపోయేది మాత్రం మనమే. మన పక్కన చోటుంటే కాస్త జరుగుదాం; అందుకు చుట్టరికం అక్కర్లేదు.