ఆశమ్మ ఇంట్లో చేసిన ఏడాది

శుక్రవారం జైనబీకి సెలవు. మస్కట్ పక్కన సీబ్‌లో తాను పనిచేసే విల్లా నుంచి ఎండలో నడిచి వచ్చి, తిరుపతమ్మ గదిలో చాప మీద కూలబడింది. అది తిరుపతమ్మ భర్త వీరబ్రహ్మం అద్దెకుండిన గది. కింద అతను పనిచేసిన వడ్రంగి షాపు. ఒంట్లో బాగాలేదని తెలిసి కెనడా నుంచి విజిట్ వీసా మీద వచ్చిన తిరుపతమ్మ, అతన్ని సొహార్‌లో దహనం చేశాక కూడా వెనక్కి వెళ్లలేదు. ఇక్కడ ఇంక ఏ పనీ మిగల్లేదు. లేచి వెళ్లడానికి ఓపిక లేదు, అంతే.

"ఇంగా జవాబు రాయలేదా?" అంది జైనబీ. "నెలాఖరొచ్చె గదక్కా!"

కెనడా నుంచి వచ్చిన మెయిల్‌ను జైనబీ తన మేడం కూతురి చేత ముందే చదివించింది. తిరుపతమ్మ పౌరసత్వానికి పెట్టుకున్న దరఖాస్తులో ఒక ఏడాది పనికి పన్ను రికార్డు లేదు. వృద్ధాశ్రమంలో చేసిన ఏళ్లకు అన్నీ ఉన్నాయి. మధ్యలో తన పాత మేడం ఆశ ఇంట్లో చేసిన ఏడాదికే ఏమీ లేదు. నెలాఖరులోగా ఆధారం పంపాలి, లేదా కారణం రాయాలి.

కారణం తిరుపతమ్మకు తెలుసు. ఆశ కుటుంబం మస్కట్‌లోనే ఖురంలో ఉన్నప్పుడు ఆమె వాళ్లింట్లో పనిచేసేది. ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు చాలామంది జీతం చేతికి తీసుకోరు, ఇంటికి పంపెయ్యమని మేడంకే చెబుతారు. తిరుపతమ్మ జీతం కూడా అలాగే వీరబ్రహ్మం ఖాతాకు పోయేది. తర్వాత వాళ్లు కెనడా వెళ్లారు. వాళ్ల సాయంతో ఆమె కూడా వెళ్లి వృద్ధాశ్రమంలో చేరింది. ఆశకు రెండో కాన్పు అయినప్పుడు ఆశ్రమం మాని ఏడాది పాటు ఆ ఇంట్లో ఉంది. జీతం మాట వచ్చినప్పుడు, పాత అలవాటు కొద్దీ, "నాకెందుకమ్మా, మా ఆయనకే ఎయ్యండి" అంది. ఆశ తన మస్కట్ ఖాతా నుంచే వేసింది. ఆశ్రమం వాళ్లు పన్ను వాళ్లే కోసుకుని కాగితం ఇచ్చేవారు కనుక, తానే కట్టాల్సింది ఒకటి ఉంటుందని తిరుపతమ్మకు తోచలేదు. తోచిన ఆశ చెప్పలేదు.

పౌరసత్వం ఆమెకు గొప్పకోసం కాదు. పెళ్లయినప్పటినుంచీ ఆమె ఎవరో ఒకరి వీసా మీదో, ఎవరో ఒకరి దయ మీదో ఉంది. పొమ్మనే హక్కు ఎవరికీ లేని చోటు ఒకటి ఉండాలనుకుంది. వీరబ్రహ్మం పోయాక ఆ కోరిక ఒక్కటే మిగిలింది.

"ఆయమ్మకి ఫోన్ చెయ్యి. ఇప్పుడు వాళ్లకి పొద్దునే," అంది జైనబీ.

తిరుపతమ్మ స్పీకర్ పెట్టి చేసింది. ఆశ వెంటనే ఎత్తింది. "అయ్యో తిరుపతమ్మా! ఆయన సంగతి విని ఎంత బాధపడ్డానో. వేళకి తింటున్నావా?"

"తింటాండానమ్మా." తిరుపతమ్మ మెయిల్ సంగతి చెప్పింది. "మీ ఇంట్లో పనిచేసినట్టు ఒక కాగితం రాసిస్తే…"

ఆశ గొంతు తగ్గించింది. "రాయడానికేముంది గానీ, మా ఆయన ఒప్పుకోరే. మనిషిని పెట్టుకుని పన్ను కట్టలేదని మా మీదికొస్తారు. అయినా నువ్వు మాకు పనిమనిషివేంటి? ఇంట్లో మనిషివి. పురుడని చుట్టపుచూపుగా వచ్చి ఉన్నావని రాసిస్తాను. పనిచేశానని పెట్టింది పొరపాటని నువ్వొక ముక్క రాసెయ్యి. పని లేదంటే పన్ను ఊసే ఉండదు. అంతే, అయిపోద్ది."

"సుట్టమంట!" జైనబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సుట్టంతో పిల్లోల్ల గుడ్డలు ఉతికిస్తారా యాడన్నా?"

"ఆలోచించి చెప్తానమ్మా," అని తిరుపతమ్మ ఫోన్ పెట్టేసింది.

నవ్వడం అయ్యాక జైనబీ దగ్గరికి జరిగింది. "ఎగతాళికన్నాలే గానీ, ఒప్పుకో అక్కా. సుట్టమైతే నీకేం పోతాది? కాగితం చేతికొస్తాది."

తిరుపతమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ ఏడాది ప్రతి నెలా వీరబ్రహ్మం ఫోన్ చేసి "నీ జీతం పడింది" అనేవాడు. తన ఖాతాలో పడినా ఎప్పుడూ నీ జీతం అనే అనేవాడు. అతనికి కడుపులో నొప్పి మొదలైంది కూడా అప్పుడే. ఒకసారి వచ్చిపోరాదా అన్నాడు.

"ఆయన రమ్మన్నాడు జైనబీ. పనిలో ఉండా, రాలేనన్నా. సరేలే, పని వదులుకోవద్దన్నాడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఇప్పుడు పనే చేయలేదని రాస్తే, మరి ఎందుకు రాలేదు నేను?"

"పోయినోళ్లు అయ్యన్నీ సదవరక్కా."

"నేను సదువుతా గదా."

జైనబీ ఫోన్ తీసుకుంది. "చెప్పు, వాయిస్ పెడతా. మా మేడం పాప ఇంగ్లీషులో కొట్టి పంపిస్తాది."

"ఆ ఏడాది నేను ఆశమ్మ ఇంట్లో పనిచేసినాను. జీతం నా భర్త ఖాతాలో వేయించుకున్నాను. పన్ను కట్టాలని తెలీదు. ఎంతైతే అంత ఇప్పుడు కడతాను." తిరుపతమ్మ ఆగింది. "ఆయన ఖాతా వివరాలు బ్యాంకులో అడిగి పంపుతానని కూడా పెట్టు."

"ఆయమ్మ పేరు పెట్టాల్నా?"

"పెట్టు."

పాప రాసి పంపిన ఇంగ్లీషు మెయిల్ కెనడాకు వెళ్లాక, తిరుపతమ్మ ఆశకు వాయిస్ పెట్టింది. "అమ్మా, పనిచేసినట్టే రాసినా. మీ పేరూ రాసినా. ఇంగొకరు చెప్పేలోపల నేనే చెప్తాండా."

"అయిపాయ. ఇంక ఆయమ్మ నీ మొగం సూడదు," అంది జైనబీ. "కెనడావోళ్లు కుదరదంటే ఏం చేస్తావు?"

"ఆశ్రమానికే పోతా. అక్కడుండే కార్డు ఉన్నన్నాళ్లు ఉండనిస్తారు. పన్ను కట్టి మళ్లీ పెడతా."

"మళ్లీ ఎన్నేళ్లో!"

"ఎన్నేళ్లయితే అన్నేళ్లు."

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. జైనబీ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవడానికి లేచి వెళ్లింది. తిరుపతమ్మ కళ్లు మూసుకుందో లేదో ఫోన్ మోగింది. ఆశ. మోగుతున్న ఫోన్‌ను ఆమె కాసేపు చూసింది. ఒళ్లంతా బరువుగా ఉంది. అయినా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"చెప్పండమ్మా," అంది.