జయమణక్క పలావు డబ్బా

ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి యూనీస్ చెప్పులు విడిచిందో లేదో, పక్క పోర్షన్ జయమణి పలావు డబ్బాతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. అడుగు గిన్నెలో మటన్ కూర, దాని మీద నెయ్యి కారే పలావు, అన్నిటికీ పైన డబల్‌ కా మీఠా.

"తమ్మునికి పెట్టు. లేకుంటే మల్ల సన్నగైతడు," అనేది యూనీస్ భర్తను ఉద్దేశించి.

ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆమె చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా నాంపల్లి దాటి బషీర్‌బాగ్ చేరుతుందని యూనీస్ గట్టి నమ్మకం.

సన్నబడటం అన్న మాటంటేనే యూనీస్‌కు హడలు. రెండువేల అయిదులో ఆమె భర్త ఇజ్రాయేల్ చిక్కి శల్యమయ్యాడు. పరీక్ష చేస్తే హెచ్ఐవి అని తేలింది. ఎలా వచ్చిందన్న గొడవ ఆ రెండు గదుల్లోనే రాజుకుని అక్కడే చల్లారింది. లోకానికి మాత్రం టీబీ అని చెప్పుకున్నారు. సర్కారు దవాఖాన గోలీలు మొదలయ్యాక మనిషి తేరుకున్నాడు, ఒళ్లు చేశాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, అబిడ్స్‌లో తాను కటింగ్ మాస్టర్‌గా ఉన్న టైలరింగ్ షాపులో అందరికంటే పెద్ద పొట్ట అతనిదే. ఆ పొట్టంటే యూనీస్‌కు ఎంత మురిపెమో! ఇంత లావు మనిషికి ఆ జబ్బుందని ఎవరంటారు? అప్పుడప్పుడు నాంపల్లి స్టేషన్‌లో రంగు లైట్ల బరువు మిషన్ ఎక్కించి, అంకె పెరిగితే బయట ఇరానీ చాయ్, బన్ మస్కా ఇప్పించేది.

అలాంటిది ఈసారి డాక్టరమ్మ స్కానింగ్ చూసి మొహం చిట్లించింది.

"లివర్‌కు కొవ్వు పట్టిందమ్మా. గోలీలు ఒక్క పూట కూడా ఆపొద్దు. కానీ ఈ బరువు తగ్గాల్సిందే. నెయ్యి, మటన్, మిఠాయి బంద్. రోజూ నడవాలి."

"సన్నగైతే జనం ఏమనుకుంటరు మేడమ్?"

"జనం సంగతి జనం చూసుకుంటారు. నువ్వు మీ ఆయన లివర్ సంగతి చూడు."

బయటికొస్తుంటే యూనీస్‌కు ఏడుపొచ్చింది. లివర్ ఒకవైపు, పరువు ఒకవైపు. మధ్యలో జయమణక్క డబ్బా. వద్దంటే ఎందుకు వద్దని అడగదూ?

ఉపాయం ఇజ్రాయేల్‌కే తట్టింది. "ఫికర్ చేయకు. బుధవారం నుంచి లెంట్ గదా. ఈస్టర్ దాంక ఉపవాసం, మాంసం ముట్టనని చెప్దాం. ఎవరడుగుతరు?"

దేవుణ్ని ఇలా అడ్డం పెట్టుకోవడం యూనీస్‌కు నచ్చలేదు. అయినా గతిలేక సరేనంది.

ఆదివారం డబ్బా వచ్చినట్టే వెనక్కి పోయింది. ఇజ్రాయేల్ పొద్దున్నే పబ్లిక్ గార్డెన్‌లో నడిచేవాడు. పాంటు వదులైనప్పుడల్లా, షాపులో అందరూ భోజనాలకు లేచాక, దొంగలా కుట్లు విప్పి నడుం బిగించుకునేవాడు. పాంటునైతే కుట్టొచ్చు గానీ మొహాన్నేం చేస్తాడు? గుడ్ ఫ్రైడే నాటికి బుగ్గలు పోయాయి. ఆ రోజు చర్చిలో జయమణి ప్రసంగం వదిలేసి అతన్నే చూస్తూ కూర్చుంది. అయిపోయింది, కనిపెట్టేసింది, ఇక ఊరంతా టముకే అనుకుని యూనీస్ వణికిపోయింది.

ఈస్టర్ రానే వచ్చింది. లెంట్ సాకు తీరిపోయింది. మధ్యాహ్నం జయమణి డబ్బాతో సరిపెట్టకుండా ఏకంగా పలావు వండిన గంజునే మోసుకొచ్చింది.

"ఇయ్యాల పండుగ. నా ముంగట తినాలె తమ్మీ."

"జర ఆగినంక తింట అక్కా," అని నసిగాడు ఇజ్రాయేల్.

"ఆగుడు గీగుడు లేదు. తిను!" గరిటె నిండా తీసి పళ్లెంలో వేయబోయింది.

యూనీస్ ఇక పట్టలేకపోయింది. "వద్దక్కా! లివర్‌కు కొవ్వు పట్టిందంట. లావు తగ్గకుంటే లివర్ ఖరాబైతదని డాక్టరమ్మ చెప్పింది. గందుకే సన్నగైండు, అంతే!"

జయమణి గరిటె వదిలేసింది. "లావు తగ్గనీకేనా? గోలీలు పనిచేస్తలేవని కాదు గదా?"

ఏ గోలీలని అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

"నా తమ్ముడు గిట్లనే సన్నబడి పోయిండు," అంది జయమణి నేల మీద చతికిలబడి. "తొంబై ఆరుల. అప్పుడు గీ గోలీలు లేకుండె. మేం గూడ టీబీ అనే చెప్పినం. నీ మొగుణ్ని చూసిన్నాడే నాకు సమజైంది. గందుకే తినబెట్టిన. లెంట్ మొదలైన కాన్నుంచి నాకు నిద్ర లేదు యూనీసూ." కొంగుతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మైకు అనుకున్న మనిషి ఇన్నేళ్లూ ఆ మాటను కడుపులో పెట్టుకుంది! యూనీస్‌కు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ప్రేమ పొంగుకొచ్చింది. తనూ కింద కూర్చుని ఆమెను గట్టిగా వాటేసుకుంది. ఆ పలావు ఆడవాళ్లిద్దరే తిన్నారు. ఇజ్రాయేల్ వాసన చూసి ఊరుకున్నాడు.

మరుసటి ఆదివారం యూనీస్ చెప్పులు విడవకముందే డబ్బా వచ్చింది. మూత తీసి చూస్తే ఉడకబెట్టిన శనగలు, సొరకాయ కూర, కీర ముక్కలు.

"తమ్మునికి పెట్టు," అంది జయమణి. "లేకుంటే మల్ల లావైతడు."