జంట సంచిక

"చేతులు తుడుచుకుని ఇలా రావోయ్, ఒక్క డౌటు" అన్నాడు మొగుడు.

వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. చేతినిండా గిన్నెల నురగతో ఉన్న ఆమెకు నవ్వొచ్చింది. పెళ్ళయి ఇంకా కొత్త. అతను పిలిస్తే చాలు, ఆమె చేతిలో పని ఎక్కడిదక్కడ ఆగిపోయేది.

అతని కంపెనీ లైబ్రరీలకు పత్రికల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోంది. ఆమె కాలేజీ లైబ్రరీలో ఆ పత్రికల సెక్షనే చూస్తుంది. "ఎవరికి దొరుకుతుంది చెప్పు ఈ అదృష్టం" అనేవాడు. ఏ సంచిక రాలేదో కనిపెట్టి, పంపమని పత్రిక వేసేవాళ్ళకు గుర్తుచేయడం ఆ సాఫ్ట్‌వేర్ పని.

"మూడో సంచిక వచ్చింది, నాలుగోది రాలేదు. మళ్ళీ పంపమని రాయాలిగా?"

"ముందు అట్ట చూడాలండీ. ఒక్కోసారి మూడూ నాలుగూ కలిపి ఒకే పుస్తకంగా వేస్తారు. జంట సంచిక." గొంతు తగ్గించింది. "మనిద్దరం ఒకే దుప్పట్లో దూరినట్టన్నమాట. రెండోవాళ్ళు కనబడలేదని ఊరంతా వెతికితే ఎలా?"

అతను పగలబడి నవ్వాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "మావాడికి కంప్యూటర్‌నిచ్చి చేశామా, నిన్నిచ్చి చేశామా? ఆ గిన్నెలు ఎవరు తోముతారమ్మా?"

అవీ ఆమే తోమింది. పేరు మారిన పత్రికను పాత పేరుకి ఎలా ముడివేయాలో, అనుబంధాలు ఎక్కడ చేర్చాలో తోముతూనే చెప్పింది. సెక్షన్‌లో భోజనం మానుకుని ఒక్కో పత్రికనూ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, తప్పులు పట్టింది. ఎవరూ దాన్ని పని అనలేదు. ఆమె కూడా అనుకోలేదు, అదే తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. అప్పుడు మాత్రం అతని భుజానికి ఆనుకుని తెర చూడటమే సంబరం.

"సాఫ్ట్‌వేర్ మొదటి పేజీలో మనిద్దరి పేర్లూ వస్తాయా?" అని అడిగింది ఒకసారి.

"రాకపోతే ఎలా? ఇది మన బిడ్డ కాదూ."

ఆ మాటకి మురిసిపోతూ పొయ్యి మీది పాలు పొంగిపోనిచ్చింది.

సాఫ్ట్‌వేర్‌ను మొదట చూపించింది ఆమె లైబ్రరీలోనే. హాలు నిండిపోయింది. మొదటి పేజీ తెరుచుకుంది. అతని పేరుంది, అతని మేనేజరు పేరుంది. ఇంకో పేజీ ఉందేమోనని ఆశగా చూసింది. లేదు. "మా ఆవిడ ఇక్కడే పనిచేస్తుంది. అడిగినప్పుడల్లా టీ పెట్టిచ్చింది, ఆ సహాయం మరిచిపోలేను" అన్నాడు అతను. చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

లైబ్రరీ హెడ్డుగారు లేచి, "రెండు సంచికలు కలిసి వస్తే?" అని అడిగారు.

"చాలా సింపుల్ సార్. కొత్త దంపతులు ఒకే దుప్పట్లో దూరినట్టు" అని మొదలుపెట్టాడు.

హాలంతా గొల్లుమంది. కొందరు వెనక్కి తిరిగి ఆమెను చూసి మరీ నవ్వారు. పేరు పోయినందుకు కలగని సిగ్గు అప్పుడు కలిగింది. చీర కొంగు భుజం మీదకు లాక్కుంది, ఎవరో దాన్ని లాగేసినట్టు.

ఇంటికొచ్చాక అడిగింది. "నా పేరు పెడతానన్నారు."

"నీ పేరు వేరు, నా పేరు వేరూనా? ఇంటిపేరు ఒకటేగా" అంటూ లాప్‌టాప్ తెరిచాడు. "అది సరే గానీ, పాత సంచికల బైండింగు ఎలా చేస్తారో చెప్పు. మేనేజరు అదే అడుగుతున్నాడు."

ఆమె చేతులు తుడుచుకుంది. ఈసారి అతని దగ్గరకు వెళ్ళడానికి కాదు.

"రేపు సెక్షన్‌కి రండి. కౌంటర్ దగ్గర వరుసలో నిలబడి అడగండి, చెప్తాను."

"సొంత మొగుడు వరుసలో నిలబడాలా? ఇక్కడ చెబితే ఏం పోయింది?"

"ఇక్కడ చెబితే ఎవరికీ వినబడటం లేదండీ" అంది ఆమె.