మాటకు దించిన తాడు

"వాగొస్తదేమోనే బిడ్డా," అంది ముత్తక్క.

ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ ఆమె మళ్ళీ అదే పాట ఎత్తుకుంది. "ఇయ్యాల గాకపోతె రేపొస్తది. పైన గుట్టలల్ల కొడ్తది, ఇక్కడ మనకు చుక్క గూడ పడది. తెల్లారి చూస్తె వాగు నిండుంటది. అప్పుడేం జేస్తం?"

గుమ్మం పక్క నులక మంచం మీద కూర్చున్న కూతురు యశోద తల తిప్పలేదు. నెలలు నిండిన కడుపు మీద చేయి వేసుకుని, వాకిట్లో మట్టి గీరుతున్న కోడిపెట్టను చూస్తూ ఉండిపోయింది. ఎండాకాలం నుంచీ ఇంతే. గంజి పోస్తే తాగుతుంది. నడుం లాగుతోందా అంటే తల ఊపుతుంది. మాట మాత్రం మొగుడు రమణతోనే.

ముత్తక్క మద్దులగుంపుకు ఆశా కార్యకర్త. ఏళ్ళ తరబడి మందుల సంచి మోసి కుడి భుజం కాస్త కిందికి జారింది. పాదాలు వెడల్పు, మడమలు పగుళ్ళు. ఎవరింటి గడప తొక్కినా ఆమె బుద్ధికి ముందు చెడే తోస్తుంది. పిల్లాడు తుమ్మితే నిమ్ము, ఒళ్ళు వెచ్చబడితే మలేరియా, కుక్క మొరిగితే పాము. "నువ్వొస్తె లేని రోగం గూడ లేచి కూసుంటదే," అని ఆడవాళ్ళు ఎకసెక్కాలాడతారు. అలా అంటూనే ఏ చిన్నదానికైనా ముందు ఆమెనే పిలుస్తారు.

వాసానికి వేలాడుతున్న తాడు తీసి సంచి అడుగున చుట్టిపెట్టుకుంది. "ఎమ్మెల్యే మేడం ఇయ్యాల అసెంబ్లీకి పోతదట. పోకముందే కలుస్త. నొప్పి జర్రంత లేచినా రమణతోని కబురంపు. అంపుతవా?"

కోడిపెట్ట ఎగిరి గోడెక్కింది. యశోద చూపు దాని వెంటే వెళ్ళింది.

వాగులో నీళ్ళు చీలమండ దాకానే ఉన్నాయి. అవతలి ఒడ్డున చదునైన బండ ఒకటుంది. దాన్ని చూడకుండా దాటాలని ముత్తక్క రోజూ అనుకుంటుంది, రోజూ చూస్తుంది. పోయిన వానాకాలం యశోదను మంచం మీద ఆసుపత్రికి మోసుకెళ్తూ, నీళ్ళు నడుముల దాకా వస్తే, ఆ బండ మీదే దించారు. అక్కడే కాన్పయింది. పసిగుడ్డు ఏడవలేదు. వాగు ఒక్కటే మోతపెట్టింది.

బస్సులో కిటికీ పక్క కూర్చుని ఒళ్ళో సంచిని రెండు చేతులా పట్టుకుంది. తాడు లోపల గట్టిగా తగులుతోంది.

ఆ వానలకు ముందొచ్చిన భూమి పండుగ నాటి తాడు అది. మగవాళ్ళు అడవికి వేటకు పోతే, ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి, ఆడి పాడి, వచ్చే పోయే బండ్లను ఆపుతారు. చేతిలో ఏదైనా పడితేనే తాడు దిగుతుంది. రూపాయైనా సరే, పిడికెడు బియ్యమైనా సరే. కారెవరిదన్నది చూడరు. ఆ రోజు ఆగింది ఎమ్మెల్యే నాగలత కారు. ఆమె నవ్వుతూ నోటు తీస్తే ముందు నిలబడ్డ ముత్తక్క వద్దంది. "పైసలొద్దమ్మా. మా సబ్ సెంటర్ల రాత్రిళ్ళు గూడ ఉండే నర్సమ్మ గావాలె. వాగొస్తె మేం ఎటూ పోలేం."

"సరే అక్కా, చేస్త. మాటిస్తున్న," అంది నాగలత.

ముత్తక్క తాడు దించేసింది.

కారు దుమ్ము ఇంకా అణగకముందే ఆడవాళ్ళు మీద పడ్డారు. "ఒట్టి చేతికి తాడు దించినవేందే! మాట మూట గట్టుకొని ఇంటికి దీస్కపోతవా?" ఆ తర్వాత వానలొచ్చాయి, నర్సమ్మ రాలేదు. ఈ ఏడు పండుగకు ఆమెను తాడు దగ్గరికే రానివ్వలేదు. పెద్దావిడ బాలి ముఖం మీదే అనేసింది: "నువ్వు దూరం నిలవడు వదినె. నీ చేయి మెత్తన."

ఆ మాట పుచ్చుకున్న నాటి నుంచి ముత్తక్క ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉంది. వినతిపత్రాలిచ్చే వాళ్ళు వందమంది ఉంటారని, ముఖం గుర్తుంటే తప్ప పని కదలదని తిరిగి తిరిగి తెలుసుకుంది. ముందు గదిలో కుర్చీ కోసం కొట్లాడదు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, ఊడ్చే సైదమ్మతో కలిసి కూర ఏరుతుంది. తునికి పండ్ల కాలంలో ఆకు దొన్నెలో పండ్లు పట్టుకెళ్ళింది. మేడంకు అవి ఇష్టమని సైదమ్మే చెప్పింది. చలికాలంలో సబ్ సెంటర్‌కు కాన్పుల మంచం ఒకటి వచ్చింది. కొత్తది, ప్లాస్టిక్ కవరుతో. ఎండాకాలం మీటింగులో నాగలత అడిగింది: "నర్సును వేస్తె మీ దగ్గర కాన్పుకు ఎవలొస్తరు అక్కా? అందరు భద్రాచలమే పోతున్నరని పైవాళ్ళు అంటున్నరు." ముత్తక్క లేచి, యశోదను అడగకుండానే, ఊరందరి ముందు, "నా బిడ్డ యశోదనే ముందు కంటది," అంది.

తల్లితో యశోద మాట ఆ రోజే ఆగిపోయింది.

క్యాంపు ఆఫీసు కిటకిటలాడుతోంది. పీఏ ఉదయ్ భాస్కర్ ఆమెను చూసి చేతులు జోడించాడు. "వచ్చినవా ముత్తక్కా! మా మేడం కన్న నువ్వే ఎక్కువొస్తున్నవ్ ఆఫీసుకు. కుర్చీ వేయించమంటవా?"

"కుర్చీ నాకొద్దు సారూ. నర్సమ్మకు వేయించు."

"ఇయ్యాల గాదు. జల్దీల ఉన్నరు."

సైదమ్మ చీపురుతో వెనక గేటు వైపు సైగ చేసింది. ముత్తక్క పరుగులాంటి నడకతో అటు వెళ్ళేసరికి కారు కదులుతోంది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా సంచిలోంచి తాడు లాగింది. ఒక చివర చేతిలో ఉంది, రెండోది నేల మీద పడి ఉంది. తాడు పట్టడానికి ఇద్దరు కావాలి. డ్రైవర్ హారన్ కొట్టాడు. సైదమ్మ ఇటూ అటూ చూసి, చీపురు పారేసి, ఆ చివర అందుకుంది.

"నా నౌకరి పోతె నువ్వే బువ్వ వెట్టాలె, యాదుంచుకో!"

"ఏయ్, పండుగ ఎప్పుడో అయిపాయె! ఇప్పుడు తాడేంది?" అని ఉదయ్ భాస్కర్ పరుగెత్తుకొచ్చాడు. కారు అద్దం దిగింది. నాగలత నవ్వబోయి, తాడును చూసి ఆగింది.

"మంచం అంపిన గద ముత్తక్కా."

"మంచం కాన్పు జేస్తదా అమ్మా?"

డ్రైవర్ కిసుక్కున నవ్వాడు. నాగలత నవ్వలేదు. "నీ బిడ్డకు ఎన్నడు?"

"పున్నానికి అటో ఇటో."

నాగలత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అయితె విను. సభల అడుగుత, తప్పకుండ అడుగుత. కాని పున్నానికి నర్సు రాదు. నా మాట పట్టుకొని ఆ పిల్లను అక్కడ కూసోవెట్టకు. ఇయ్యాలనే భద్రాచలం తోలు."

ఇన్నాళ్ళుగా ఆ నోటి నుంచి ముత్తక్క విన్నవన్నీ తియ్యటి మాటలే. ఈ ఒక్కటే చేదుగా ఉంది, ఈ ఒక్కదాన్నే నమ్మబుద్ధయింది.

"నా బిడ్డనే భద్రాచలం పోతె, మీ దగ్గరికి ఎవలొస్తరని మళ్ళ అడుగుతరు గదమ్మా?"

"అడుగుతరు. జవాబు నేను జెప్త."

"దించాల్నా?" అంది సైదమ్మ అటునుంచి.

ముత్తక్క తల అడ్డంగా ఊపింది. తాడును మోచేతికి చుట్టుకుంటూ కారు దాకా వెళ్ళి, ఆ చుట్టను కిటికీలోంచి సీటు మీద పెట్టింది. "చేతుల ఏం పడలేదమ్మా, గందుకే దించుతలేను. నీతోనే అంపుతున్న. నర్సమ్మను దీస్కొచ్చిన్నాడు తెచ్చియ్యి."

ఊరు చేరేసరికి పడమట నల్లగా కమ్ముకుంది. వాగు చీలమండ దాటి పిక్కల దాకా వచ్చింది. యశోద అదే మంచం మీద ఉంది.

"లే బిడ్డా. భద్రాచలం పో. దవాఖానా పక్కన కాన్పుకు ముందే ఉండనిచ్చే గది ఉంది గద, గక్కడుండు. మీటింగుల అన్న మాట మేడంకే అప్పజెప్పొచ్చిన. నువ్వు దాన్ని మొయ్యకు."

యశోద తల్లి ముఖంలోకి చూసింది. వంగలేక వంగి మంచం కింది నుంచి సంచి లాగింది. చీరలు, పాత గుడ్డలు అందులో ఎప్పుడో మడిచిపెట్టి ఉన్నాయి.

రమణ ఆటో తెచ్చాడు. బాలి కోడలు కూడా నెలలు నిండిన మనిషి, పొద్దుటి నుంచి జ్వరంతో ఉంది, ఆటో ఎక్కించడానికి బాలి ఒప్పుకోలేదు. దాన్ని వదిలి ముత్తక్క కదలలేదు. ఆటో నీళ్ళలో దిగింది, చక్రాలు సగం మునిగాయి, ఊగింది, ఆవలికి ఎక్కింది. యశోద వెనక్కి తిరిగి చూడలేదు.

వాన మొదలైంది. బాలి కోడలికి మాత్ర వేసి, తడిగుడ్డ పెట్టి, ముత్తక్క సబ్ సెంటర్ తలుపు తీసి మెట్టు మీద కూర్చుంది. ఊళ్ళో ఫోను పలికేది అక్కడే. రమణ నంబరు నొక్కింది. మోగి మోగి ఆగింది. ఆటో ఎక్కడన్నా బోర్లా పడిందేమో. చెట్టు విరిగి అడ్డం పడిందేమో. నొప్పులు దారిలోనే లేచాయేమో. మళ్ళీ నొక్కింది. వాగు హోరు పెరుగుతోంది. వెలుతురు సన్నగిల్లుతోంది. మళ్ళీ నొక్కింది.

అటు ఎవరో ఎత్తారు. ఊపిరి మాత్రమే వినపడింది. రమణది కాదు.

"యశోదా? ఏంది బిడ్డా, ఏమైంది? మాట్లాడు."

రెండు వైపులా వానే వినపడింది.

"వచ్చినమే అవ్వా," అంది యశోద. "మంచమిచ్చిన్రు. ఫ్యాను గూడ ఉంది. మన సబ్ సెంటర్ల మంచం మీది కవరు తీసెయ్యి. నా కోసమని ఉంచకు. ముందెవలొస్తె వాళ్ళే."

"అవ్ బిడ్డా," అంది ముత్తక్క.

ఆమె వెనక, తెరిచిన తలుపులోంచి వచ్చే వాన గాలికి కొత్త మంచం మీది ప్లాస్టిక్ కవరు అంచు లేచి, పడి, మళ్ళీ లేచింది.