ఎర్రింకు

"బావా, సెలవులకి విమానంలో రా. చెవుల్లో దూది పెట్టుకో. నోట్లో పిప్పరమెంటు బిళ్ల ఉంచుకో. పెన్నులో ఇంకు పారబోసెయ్యి, పైకెళ్తే కక్కేస్తది" అని మెడ్రాసు నుంచి మా బావమరిది తోమా ఉత్తరం రాసేడు. నాలుగుసార్లు విమానం ఎక్కేడని వాడికి గీర! చోడవరం బళ్లో ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెప్తన్న నాకు వాడు చెప్పేదేటి? అయినా భయంకొద్దీ అన్నీ చేసేను. నా నీలం పెన్ను కడిగి మరీ జేబులో పెట్టేను.

విమానం లేచింది. కళ్లు మూసుకుని పక్క సీటాయన చెయ్యి పట్టీసేను. అంతలో గుండె మీద ఏదో తడి. చూస్తే తెల్ల చొక్కా మీద అరచెయ్యంత ఎరుపు!

"ప్రభువా, పోయేను! మా ఆవిడ జ్ఞానమ్మకి ఎవరు చెప్తారు?" అని కేకేసేను.

ఆయన నా జేబులోంచి రెండో పెన్ను లాగేడు. "రక్తం కాదు బాబూ, ఎర్రింకు."

అది పేపర్లు దిద్దే పెన్ను. దాన్ని నేను బెత్తాల్లో జమకట్టేను గానీ పెన్నుల్లో కాదు.

నవ్వు రాలేదు. మొన్న నేను దిద్దిచ్చిన పరీక్ష పేపరు అందుకున్నప్పుడు సన్యాసమ్మ అనే గుంట చేతులు ఎలా వణికేయో, నా చేతులు అలాగే వణుకుతన్నాయి.