కత్తెర గారి కిరీటం

కంపెనీవాళ్ళు మా పాత ఫోరం ఎత్తేసిన రోజు నేను పెద్దగా బాధపడలేదు. కొత్తదాంట్లో కత్తెర అనేవాడి పేరు పక్కన బంగారు కిరీటం బొమ్మ చూసిన రోజు మాత్రం నాకు ముద్ద మింగుడు పడలేదు.

మాది ఎంబ్రాయిడరీ షాపు. మిషన్ మీద నేను కుడతాను, మా ఆయన వేలాడే దారాలు కత్తిరించి ఇస్త్రీ చేస్తాడు. మిషన్ కొన్నవాళ్ళు ఒకరినొకరు సందేహాలు అడుక్కోవడానికి కంపెనీయే ఇంటర్నెట్‌లో ఆ ఫోరం పెట్టింది. నేను అందులో చేరేనాటికి మా అమ్మాయికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు, ఇప్పుడది ఉద్యోగం చేస్తోంది. అన్నేళ్ళూ అక్కడ నా పేరు దారం అక్క. ఎవరి మిషన్ మొరాయించినా ముందు నన్నే పిలిచేవారు.

నేనక్కడ అందరికీ ఒక పద్ధతి అలవాటు చేశాను. ప్రశ్న అడిగేవాళ్ళు ముందు మిషన్ మోడల్, తర్వాత సూది, దారం, బట్ట, ఆఖర్న వేగం, ఈ వరుసలోనే రాయాలి. 'మిషన్ పనిచేయట్లేదు, హెల్ప్' అని రాసినవాళ్ళకు చీవాట్లు పెట్టి మళ్ళీ రాయించేదాన్ని. కత్తెరకూ అలాగే పెట్టాను. బాబిన్ ఎటు తిప్పి పెట్టాలో తెలియని రోజుల్లో వాడికి ఓనమాలు దిద్దించింది నేనే. మొహం ఎప్పుడూ చూడలేదు గానీ, అక్కా అక్కా అంటూ ప్రతిదానికీ నా వెంటపడేవాడు.

కొత్త ఫోరంలోకి పాత పేర్లేవీ రాలేదు, ఎవరికి వారు మళ్ళీ చేరాల్సిందే. నేను చెప్పిన సమాధానాలన్నీ వచ్చాయి, కానీ అన్నిటి కిందా 'పాత సభ్యులు' అని ఉంది, నేనేదో కాలం చేసినట్టు. ఒకరికొకరు విడిగా కబురు పంపుకునే వీలు తీసేశారు. పాతదాంట్లో ఎన్నేళ్ళయినా కబుర్లు సాగేవి. ఇక్కడ, అడిగినవాళ్ళు 'సమస్య తీరింది' అనే మీట నొక్కగానే చర్చకు తాళం పడిపోతుంది, ఇంకెవరూ నోరెత్తడానికి లేదు. పాతవాళ్ళంతా దుమ్మెత్తిపోశారు. మీ అభిప్రాయం మాకు విలువైనదని కంపెనీ అందరికీ ఒకే ముక్క అంటించి ఊరుకుంది.

నేను అలిగి చేరనేలేదు. చేరలేదన్నమాటే గానీ రోజూ వెళ్ళి తొంగిచూసేదాన్ని. బాగా పని తెలిసినవాళ్ళకని కంపెనీ ఇచ్చే ఆ కిరీటం చూసి జనం కత్తెరను గురువుగారూ గురువుగారూ అని పిలుస్తుంటే ఒళ్ళు మండిపోయేది. నువ్వూ చేరి నాలుగు సమాధానాలు చెప్పొచ్చుగా అన్నాడు మా ఆయన. నా దగ్గర నేర్చుకున్నవాడి కింద కూర్చోమంటారా అని విరుచుకుపడ్డాను. ఆయన తలొంచుకుని, అప్పటికే ఇస్త్రీ చేసిన చొక్కాను మళ్ళీ ఇస్త్రీ చేశాడు.

చివరికి, వాడికి రాని ప్రశ్న వేసి నలుగురిలో పరువు తీద్దామని 'కొత్త కుట్టు' అనే దొంగపేరుతో చేరాను. మందపాటి బట్ట మీద మెరుపు దారం పుటుక్కు పుటుక్కున తెగిపోవడం మా పనిలో అందరినీ ఏడిపించేదే. పెద్ద కన్నున్న సూది వేసినా, వేగం తగ్గించినా తెగుతోందని రాశాను. అంతకు మించి నాకే తెలియదు, వీడికేం తెలుస్తుందని నా ధీమా.

టీ తాగి వచ్చేసరికి జవాబు ఉంది. దారపు కండెను మిషన్ మీద కాకుండా, వెనక బారెడు దూరంలో నేల మీద పెట్టమన్నాడు. సూది దాకా వచ్చేలోపు దారంలో మెలికలు విడిపోతాయట. మా ఆయన చూడకుండా పెట్టి చూశాను. నా సొంత మిషన్ మీద, నా సొంత బట్ట మీద, దారం తెగితే బాగుండునని కోరుకుంటూ నిలబడ్డాను. పువ్వు మొత్తం కుట్టేసింది. ఒక్కసారి కూడా తెగలేదు.

జవాబు కింద ఇంకో మాట ఉంది. "మోడల్, సూది, దారం, బట్ట, వేగం అని ఇంత పద్ధతిగా అడిగేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. అక్కా, మీరేనా?"

పేరైతే మార్చాను గానీ, చేతికి అలవాటైన వరుస మార్చాలని నాకు తట్టనేలేదు. సిగ్గు కన్నా మంటే ఎక్కువైంది. దారం అక్క వచ్చి కత్తెరను సలహా అడిగిందని అందరికీ తెలిస్తే ఇంకేమైనా ఉందా? నాకు ఏ అక్కా తెలియదని రాసి, ఇంకేమీ అడక్కుండా 'సమస్య తీరింది' నొక్కేశాను. ఈలోపే అతని జవాబు పడింది. నేను చదివింది మాత్రం నొక్కిన తర్వాతే.

"క్షమించండి, పొరబడ్డాను. కంపెనీవాళ్ళు కిరీటం ఇంకొకరికి కూడా ఇస్తారట, పేరు చెప్పమని నన్నే అడిగారు. అక్క పేరు చెబుదామని ఇన్నాళ్ళూ ఆపి వెతుకుతున్నాను. ఇవాళే ఆఖరి రోజు. ఆవిడ దొరకలేదని చెప్పేసి, వేరే ఎవరి పేరైనా ఇస్తాను."

ఫోన్ తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టాను. చదివి, "నువ్వేనని రాసెయ్, దానికేముంది" అన్నాడు.

"తాళం పడింది."

"ఎవరు వేశారు?"

"నేనే."

ఎప్పుడూ ఆటపట్టించే మనిషి, ఈసారి నవ్వలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక మిగిలింది కొత్త ప్రశ్న వేయడం ఒక్కటే. కిరీటం కోసం పరిగెత్తుకొచ్చిందని అనుకుంటాడేమో. అనుకుంటే అనుకోనీ. అక్క దొరకలేదని అతను వెళ్ళి కంపెనీవాళ్ళతో చెబుతుంటే చూస్తూ ఊరుకోవడం మాత్రం నావల్ల కాలేదు. సమస్య ఎక్కడుందో ముందు ఎంచుకోమంది ఫోరం: సూది, దారం, మోటారు, ఇతరములు. ఇతరములు నొక్కి, కింద ఇలా రాశాను. "కత్తెరా, నేనే. నీ మీద కుళ్ళుతో కాదన్నాను. కండె సంగతి నాకు తెలియదు. దారం తెగలేదు, బాగా కుట్టింది."

పంపగానే తెర మీద కంపెనీ మాట కనిపించింది. ఇతరముల కింద వచ్చినవి వాళ్ళ సిబ్బంది చూడాలట. అందరికీ కనిపించేది రేపట.