ఆఖరి గణం

మూడు వారాలుగా టైల్స్ మేస్త్రి బడి లైబ్రరీలో నేల పరుస్తున్నాడు. పని మాట దేవుడెరుగు, చెవులు రెండూ పక్క గదిలో తెలుగు టీచరు చెప్పే పాఠం మీదే. ఛందస్సట! బరువైన అక్షరం గురువు, తేలికది లఘువు. "ఓస్, ఇంతేనా? నిండు టైలు, అర టైలు!" అనుకున్నాడు.

నలభై ఏళ్ళ బ్రహ్మచారి. టీచరమ్మకూ పెళ్ళి కాలేదు. ఆవిడంటే వల్లమాలిన ఇష్టం, కానీ ఎదటపడితే నోరు పెగలదు. అందుకే అడగాల్సింది తేటగీతిలో అడిగాడు. పని ఆఖరి రోజున, టైల్స్ పెట్టె అట్టముక్క మీద రాసిన పద్యం ఆవిడ చేతిలో పెట్టి బిక్కచచ్చి నిలబడ్డాడు. రేపటినుంచి ఈ గుమ్మం తొక్కడానికి వంకే లేదు.

ఆవిడ ఏం చేసిందనుకున్నారు? అర్థం చూడకుండా ఎర్రపెన్ను తీసి అక్షరాల నెత్తిన గుర్తులు పెట్టుకుంటూ పోయింది! అలవాటు అలాంటిది మరి. మేస్త్రి ప్రాణం ఉసూరుమంది.

"యతి కుదిరింది. అబ్బో, మూడో పాదం భలే ఉందే! నాలుగోదేంటి మేస్త్రిగారూ, అయిదు గణాలకి నాలుగే ఉన్నాయి? 'నన్ను పెండ్లాడుమంటి నీ నవ్వు...' తర్వాత?"

"'చూచి' అండీ. అట్ట అంచు వచ్చేసింది. చివర ముక్క పట్టకపోతే మేం కోసేస్తాం కదా."

ఆవిడ పకపకా నవ్వింది. "గోడ దగ్గర టైలు కోస్తారు సరే, పద్యాన్ని కూడానా?" అంటూనే, ఇంతసేపూ తను పైకి చదివిందేమిటో తెలిసొచ్చి ఠక్కున ఆగిపోయింది. మొహం కందిపోయింది.

"ఇక్కడ సూర్యగణం పడాలి," అంది మెల్లగా. "గురువూ లఘువూ అయినా సరే, మూడు లఘువులైనా సరే. 'చూచి' వద్దు. నేను పూరిస్తాను."

మేస్త్రి మనసులోనే లెక్క కట్టాడు. 'కాదు' పట్టేస్తుంది. 'చాలు' కూడా పట్టేస్తుంది. 'వలదు' మూడు లఘువులు, అదీ పట్టేస్తుంది! ఓరి దేవుడోయ్, లోకంలోని కాదనే మాటలన్నీ సూర్యగణాలేనా?

ఆవిడ అట్ట వెనక్కి తిప్పి మూడక్షరాలు రాసి ఇచ్చింది. మూడు! 'వలదు' అయ్యుంటుంది, అయిపోయింది నా పని అనుకుంటూ ఒక కన్ను తెరిచి చూశాడు.

'సరియె' అని ఉంది.

"అన్వయం కాస్త కుంటుతోంది లెండి, గణం మాత్రం గట్టిదే," అంది ఆవిడ, నవ్వాపుకోలేక. "ఆదివారం ఇంటికొచ్చి మా అమ్మని అడగండి. పద్యాలొద్దు, మామూలుగా అడగండి చాలు."